కొత్త బ్యారెల్ వేయించాక గురి ఇంకా పాడైంది. ఎక్కడ వెతకాలి?

బాబాయి_మౌజర్

అందరికీ నమస్కారం. కాస్త పెద్ద పోస్టు, ఓపిక పట్టండి.

మా బాబాయి దగ్గర నుంచి నాకు వచ్చిన వేట రైఫిల్ ఇది. మౌజర్ 98 యాక్షన్ (బ్యారెల్ బిగిసే, బోల్టు నడిచే ఇనుప భాగం), .30-06 తూటా, వాల్‌నట్ చెక్క. బాబాయి చెంప ఆనించే చోట పాలిష్ మొత్తం పోయి నున్నగా అయింది. అందుకే ఆ చెక్కను మార్చే ఉద్దేశం నాకు లేదు, ముందే చెప్తున్నా. పాత బ్యారెల్ పని మాత్రం అయిపోయింది. ఛాంబర్ ముందు గాళ్లు (బుల్లెట్‌ని తిప్పే లోపలి గీతలు) అరిగిపోయాయి, బోర్‌స్కోప్ పెట్టి చూస్తే ఎండిన చెరువులా నెర్రెలే నెర్రెలు. అంత అధ్వానంగా ఉన్నా 100 మీటర్లలో 5 షాట్లు 60 మి.మీ. లోపే పడేవి.

గన్‌స్మిత్ చేత కొత్త బ్యారెల్ వేయించాను. 24 అంగుళాల పొడవు, గాళ్లు 10 అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతాయి, పాతదానికంటే కొంచెం లావు. హెడ్‌స్పేస్ (మూసిన బోల్టుకీ ఛాంబర్‌కీ మధ్య తూటాకి ఉండే చోటు) నా ఎదురుగానే చూపించాడు. గో గేజ్ మీద బోల్టు మూసుకుంది, నో-గో మీద మూసుకోలేదు. స్కోప్, రింగులు పాతవే. తూటాలు ఫ్యాక్టరీవి, 165 గ్రెయిన్ల బరువున్న సాఫ్ట్ పాయింట్ బుల్లెట్, అన్నీ ఒకే లాట్ (ఒకే విడతలో తయారైనవి).

ఇప్పుడు 5 షాట్ల గ్రూపులు (అన్నిటికంటే దూరంగా పడ్డ రెండు రంధ్రాల మధ్య దూరం) ఇలా ఉన్నాయి: 78, 91, 70 మి.మీ. కొత్త బ్యారెల్‌తో అరిగిపోయిన బ్యారెల్ కంటే ఘోరంగా కొడుతున్నానన్నమాట! మొదటి రెండు షాట్లూ ప్రతిసారీ పక్కపక్కనే పడతాయి. మూడోది ఎడమ పైకి జరుగుతుంది, నాలుగోది ఇంకా పైకి, ఐదోది ఎక్కడ పడుతుందో చెప్పలేను. గన్‌స్మిత్‌ని అడిగితే బ్యారెల్‌లో ఏ లోపమూ లేదంటాడు. స్నేహితుడొకడు చుట్టు తప్పు తీసుకున్నావంటాడు. ఇంకొకడు స్కోప్ మార్చెయ్యమంటాడు. టెన్షన్‌లో ఒక డబ్బా తూటాలు ఊరికే కాల్చి పారేశాను. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

లెక్కల_పిచ్చి

ముందు ఒక మంచి మాట. 5 షాట్లు కాల్చి, బాగున్నవీ బాగాలేనివీ అన్నీ రాశారు. ఎక్కువమంది 3 షాట్లు కాల్చి, వాటిలో అన్నిటికంటే చిన్న గ్రూప్‌ని ఫోన్‌లో దాచుకుని ఏడాది పొడుగునా చూపిస్తుంటారు.

ఆ 3 షాట్ల మోజు గురించి ఒక్కసారి లెక్క చెప్తా. రైఫిల్ మారదు, తూటా మారదు, కాల్చే మనిషీ మారడు. షాట్ల సంఖ్య పెరిగినా చాలు, గ్రూప్ పెద్దదవుతుంది. సగటున 3 షాట్ల గ్రూప్ 24 మి.మీ. వస్తుంటే 5 షాట్లకు అది దాదాపు 30 అవుతుంది, 10 షాట్లకు 38. రైఫిల్‌కి ఏదో అయిందని కాదు, ఎక్కువసార్లు పాచికలు వేస్తే దూరపు అంకెలు పడే అవకాశం పెరుగుతుంది, అంతే. కాబట్టి మీ పాత 60నీ ఇప్పటి 78నీ పోల్చేముందు ఆ పాతవి ఎన్ని గ్రూపులు కాల్చారో చూసుకోండి. ఒకటో రెండో అయితే ఆ పోలికను నమ్మలేం.

100 మీటర్లలో 1 ఎంఓఏ (డిగ్రీలో 60వ వంతు కోణం) అంటే 29 మి.మీ. మీ సగటు దాదాపు 80, అంటే 2.7 ఎంఓఏ పైనే. పోలిక సంగతి ఎలా ఉన్నా, ఇది మాత్రం మామూలు చెదురు కాదు. పైగా మీరు చెప్పిన ఆ వరస, రెండు కలిసి పడి మూడోది నుంచి ఒకే దిక్కుకు నడవడం, లెక్కకు అందే జబ్బు కాదు. దానికి కారణం వస్తువులోనే ఉంటుంది. ఈ రెండో సంగతి లేత్ పెద్దాయనకు వదిలేస్తున్నా.

రాగి_మరక

ముందు శుభ్రం చేశారా? కొత్త బ్యారెల్‌లో బుల్లెట్ తొడుగు రాగి చాలా త్వరగా పేరుకుంటుంది. అమ్మోనియా ఉన్న ద్రావకం వేసి, పది నిమిషాలాగి గుడ్డ తీయండి. నీలంగా వస్తే రాగి ఉన్నట్టు. నీలం రావడం ఆగేదాకా తీయండి. రాడ్డు మూతి వైపు నుంచి కాకుండా ఛాంబర్ వైపు నుంచే పెట్టాలి. ఇత్తడి జాగ్ (రాడ్డు కొసన గుడ్డను పట్టే ముక్క), ఇత్తడి బ్రష్ వాడితే వాటి రంగు కూడా నీలంగానే వస్తుంది, అది చూసి మోసపోకండి. నా మొదటి రైఫిల్‌ని ఆ భ్రమలో రెండు రోజులు తోమాను.

లేత్_పెద్దాయన

బాబూ, లెక్కలాయన సగం పని చేసిపెట్టారు. మిగతా సగం నేను చెప్తా. ఇదంతా బోల్టు తీసేసి, ఛాంబర్ ఖాళీగా ఉందని కళ్లతో చూసి, వేలితో తడిమి, అప్పుడే మొదలుపెట్టాలి. నలభై ఏళ్లు లేత్ మీద పనిచేసినవాణ్ణి. తుపాకుల పని నా ఉద్యోగం కాదు, పిచ్చి. ఆ పిచ్చిలో చేసిన తప్పులు కూడా చెప్తా, పనికొస్తాయి.

నీ పోస్టులో అసలు మాట ఒకటుంది, దాన్ని నువ్వే దాటేసుకుని వెళ్లిపోయావు. "పాతదానికంటే కొంచెం లావు" అన్నావు. ఆ చెక్కను చెక్కింది పాత బ్యారెల్ కోసం. లోపలి గాడి దాని ఒంపుకి తగ్గట్టు చేశారు. ఛాంబర్ దగ్గర లావు ఎంత, ఎక్కడ సన్నబడుతుంది, ఇదంతా పాతదాని కొలతే. కొత్తది కాస్త లావైనా చాలు, ఎక్కడో ఒకచోట ఆనుతుంది. చల్లగా ఉన్నప్పుడు ఊరికే ముట్టుకుంటుంది. రెండు షాట్లకు వేడెక్కి సాగితే అదే చోట గట్టిగా నెడుతుంది. కుడివైపు నుంచి నెడితే షాట్లు ఎడమకు పోతాయి. కింది నుంచి నెడితే పైకి పోతాయి. నీకు ఎడమ పైకి పోతున్నాయి కదా, కుడి అడుగున చూడు.

ఎలా చూడాలంటే, మామూలు రాతకాగితం వేలెడు వెడల్పు ముక్క చించు. చెక్క మూతి దగ్గర బ్యారెల్ కింద దూర్చి, రెండు చివర్లూ పట్టుకుని యాక్షన్ వైపు లాగుతూ పో. ఛాంబర్ లావు దాకా అడ్డం లేకుండా పోవాలి. ఎక్కడ ఆగితే అక్కడ పెన్సిల్ గీత పెట్టు. ఒక్క పొర కాగితం పోయినంత మాత్రాన సరిపోయినట్టు కాదు. కాల్చినప్పుడు బ్యారెల్ కొరడాలా ఊగుతుంది. కాగితాన్ని నాలుగు మడతలు వేసినా పోయేంత ఖాళీ ఉండాలి. ఇంకో మాట. బెంచీ మీద ఊరికే పెట్టి చూడకు. నువ్వు కాల్చేటప్పుడు పట్టుకున్నట్టే ముందు చెక్కను సంచి మీద ఆనించి, భుజానికి పెట్టుకుని, ఇంకొకరి చేత కాగితం లాగించు. పాత సన్నటి చెక్కలు ఆ బరువుకి వంగుతాయి. విడిగా చూస్తే తగలనిది అప్పుడు తగులుతుంది.

ఇక రెండోది, దీన్ని చాలామంది వదిలేస్తారు. ఎడమ చేతి బొటనవేలు బ్యారెల్ మీద, చూపుడువేలు చెక్క మీద, రెండూ కలిసే అంచు మీద వేళ్ల కొసలు ఉండేలా పట్టుకో. కుడి చేత్తో, యాక్షన్‌ని చెక్కకు బిగించే స్క్రూల్లో ముందువైపు దాన్ని మెల్లగా వదులు చెయ్యి. బ్యారెల్ చెక్కలోంచి లేచినట్టు వేలికి తెలిసిందంటే యాక్షన్ సమంగా కూర్చోలేదు, స్క్రూలు దాన్ని వంచి పట్టుకున్నాయి. డయల్ గేజ్ ఉంటే ఇంకా మంచిది. సూది 0.05 మి.మీ. లోపు కదిలితే సంతోషం. అంతకంటే ఎక్కువ కదిలితే బెడ్డింగ్ (యాక్షన్ సమంగా కూర్చునేలా చెక్కలో ఎపాక్సీ పోయడం) చెయ్యాల్సిందే.

మౌజర్ 98కి ఇంకో ప్రత్యేకమైన రోగం ఉంది. ట్రిగ్గర్ గార్డూ మ్యాగజైన్ పెట్టే ఒకే ముక్క. ఆ పెట్టె పై అంచుకీ యాక్షన్ అడుగుకీ మధ్య సన్నటి సందు ఉండాలి. చెక్క ఏళ్ల తరబడి ఆరి, నలిగి, కొద్దిగా కుంగితే ఆ సందు మూసుకుపోతుంది. అప్పుడు స్క్రూలు ఎంత బిగించినా ఇనుము ఇనుము మీద కూర్చుంటుంది, చెక్క మధ్యలో వదులుగా వేలాడుతుంది. చేతికి మాత్రం గట్టిగా బిగిసినట్టే ఉంటుంది, అక్కడే మోసపోతాం. పెట్టె పై అంచుకి లిప్‌స్టిక్ పల్చగా రాసి, పూర్తిగా బిగించి, మళ్లీ విప్పు. యాక్షన్ అడుగున ఎర్ర మరక పడితే దొంగ దొరికినట్టే. ఇంట్లో అడక్కుండా లిప్‌స్టిక్ తీసి మాట పడ్డవాణ్ణి, నువ్వు మాత్రం అడిగి తీసుకో.

వెనక స్క్రూకి చెక్కలో ఒక ఇనుప గొట్టం ముక్క ఉండాలి. అది ఉందో లేదో కూడా చూడు. లేకపోతే బిగించినప్పుడల్లా చెక్క నలుగుతుంది.

స్కోప్ మార్చమన్న స్నేహితుడు పూర్తిగా తప్పేం చెప్పలేదు. నాకు ఇలాగే ఒకసారి జరిగింది. బ్యారెల్ మార్చాను, గ్రూప్ చెదిరింది. మూతి అంచు మీద అనుమానం పడి లేత్ మీద తిరగ్గోశాను. బాగుపడలేదు. మళ్లీ కోశాను. ఒక సీజను మొత్తం పోయింది. చివరికి తేలిందేమిటంటే, స్కోప్ బేస్ (రింగులు కూర్చునే పట్టీ) ముందువైపు స్క్రూ అర మిల్లీమీటరు పొడవు ఎక్కువ. అది యాక్షన్ పై రంధ్రం గుండా దిగి కొత్త బ్యారెల్ మరలకు తగిలి ఆగిపోతోంది. చేతికి బిగిసినట్టే ఉంటుంది, బేస్ మాత్రం బిగియదు. పాత బ్యారెల్‌కి ఆ చోట కాస్త గుంట ఉండేది, అందుకే అప్పుడు సరిపోయింది. ఎలుక ఉందని ఇంటికి నిప్పు పెట్టినట్టు, అరగదీయాల్సిన స్క్రూని వదిలేసి బ్యారెల్‌ని రెండుసార్లు కోశాను. నువ్వు బేస్ ముందు స్క్రూని విప్పి, దాని కొస మెరుస్తోందా అని చూడు.

వీటిని ఒక్కొక్కటిగా చూసి వచ్చి చెప్పు. రెండు ఒకేసారి మార్చకు. బాగుపడితే ఏది బాగుచేసిందో నీకు తెలియదు. పాడైతే ఇంకా కష్టం.

కొలిచి_పోసేవాడు

చుట్టు గురించి స్నేహితుడు చెప్పింది పట్టించుకోకండి. .30-06కి 10 అంగుళాలకు ఒక చుట్టు మామూలే. 150 నుంచి 220 గ్రెయిన్ల దాకా నిలబెడుతుంది. చుట్టు చాలకపోతే బుల్లెట్ పక్కకు ఒరిగి కాగితం మీద తాళంచెవి రంధ్రంలా పొడవుగా చింపుతుంది. మీ రంధ్రాలు గుండ్రంగా ఉన్నాయి కదా?

నా ఓటు తూటాలకే. కొత్త బ్యారెల్‌కి ఏది నచ్చుతుందో కాల్చితే గానీ తెలియదు. 150, 165, 180లలో రెండు మూడు రకాలు ప్రయత్నించండి. సొంతంగా నింపుకునే అలవాటుంటే బుల్లెట్ ఎంత లోపలికి దించారన్నది కూడా తేడా చేస్తుంది. పాత బ్యారెల్‌కి కుదిరిన పౌడర్ కొలత మాత్రం ఇందులో వాడొద్దు. కొత్త ఛాంబర్ బిగువుగా ఉంటుంది, గొంతు (ఛాంబర్ ముందు గాళ్లు మొదలయ్యే చోటు) అరగలేదు. పాత గొంతుకి తగ్గట్టు బుల్లెట్‌ని బయటికి పెట్టి నింపిన తూటా ఇక్కడ గాళ్లకు ఆనుకోవచ్చు. ఆనిందంటే ఒత్తిడి పెరుగుతుంది. అచ్చయిన పట్టికలో మొదటి కొలత నుంచి మళ్లీ మొదలుపెట్టాల్సిందే.

లేత్_పెద్దాయన

ఆ చివరి మాట బంగారం, గోడ మీద రాసుకోవచ్చు. కానీ తూటాలు మార్చడం ఇప్పుడే వద్దు. తూటా నచ్చకపోతే షాట్లు గుండ్రంగా చెదురుతాయి, అన్నీ ఒకే దారిలో నడిచిపోవు. ఈ కుర్రాడికి మొదటి రెండూ కలిసే పడుతున్నాయి, అంటే బ్యారెల్‌కి ఆ తూటాతో పేచీ లేదు. కూర్చునే చోటు సరిచేసుకున్నాక తూటాల సంగతి చూద్దాం.

బాబాయి_మౌజర్

పెద్దాయన గారూ, దండం పెట్టాలి మీకు. నిన్న మధ్యాహ్నం కూర్చుని అన్నీ చూశాను.

కాగితం మూతి నుంచి బాగానే వచ్చి, యాక్షన్‌కి 12 సెం.మీ. ముందు కుడివైపు ఆగిపోయింది. మీరన్న కుడి అడుగునే! మా ఆవిడ చేత లాగించి, భుజానికి పెట్టుకుని చూస్తే ఇంకా ముందే ఆగింది. చెక్క విప్పి చూస్తే గాడిలో ఆ చోట వార్నిష్ నల్లగా, నున్నగా, అద్దంలా మెరుస్తోంది. వేలితో తడిమితే చల్లగా, జారుడుగా ఉంది. పక్కన ఉన్న చెక్క మాత్రం గరుకుగానే ఉంది. అంటే 40 షాట్లకే బ్యారెల్ అక్కడ ఇస్త్రీ చేసేసింది.

వేళ్ల పరీక్షలో బ్యారెల్ లేవడం స్పష్టంగా తెలిసింది. డయల్ గేజ్ అరువు తెచ్చి పెడితే 0.4 మి.మీ. మీరు చెప్పిన హద్దుకి ఎనిమిది రెట్లు.

లిప్‌స్టిక్ అడిగే తీసుకున్నాను. యాక్షన్ అడుగున వెనకవైపు సన్నటి ఎర్ర గీత పడింది, ముందువైపు ఏమీ లేదు. అంటే పెట్టె వెనక అంచు మీద యాక్షన్ ఊగుతున్నట్టేనా? వెనక స్క్రూ ఇనుప గొట్టం ఉంది. బేస్ ముందు స్క్రూ కొస మెరవడం లేదు, మరలన్నీ మామూలుగానే ఉన్నాయి. రాగి కూడా తీశాను. రెండు గుడ్డలు నీలంగా వచ్చి ఆగిపోయాయి, అక్కడ పెద్దగా ఏమీ లేదు. కాగితం మీద రంధ్రాలు గుండ్రంగానే ఉన్నాయి.

విప్పాను కదా అని అన్నీ ఒకేసారి చేసేయాలనిపిస్తోంది. మీరేమో వద్దంటున్నారు.

లేత్_పెద్దాయన

అవును, తక్కెడలా ఊగుతోంది. ముందు పెట్టె సంగతి చూడు. వెనక అంచు పై నుంచి ఆకురాయితో కొంచెం కొంచెంగా, లిప్‌స్టిక్ మరక పడడం మానేదాకా తీయి. మొత్తం మీద అర మిల్లీమీటరు దాటదు. బోల్టు తిరగడం, తూటాలు పైకి రావడం ఎలా ఉన్నాయో డమ్మీ తూటాలతో చూసుకో. అది అయ్యాక బ్యారెల్ గాడిని గుండ్రటి కర్రకు సాండ్‌పేపర్ చుట్టి, ఆ నున్నటి చోట, దాని ముందూ వెనకా సమంగా గీకు. ఒక మిల్లీమీటరు ఖాళీ వచ్చేదాకా చాలు. గీకిన చోట పచ్చిచెక్కను వదిలెయ్యకు, సీలర్ పూయి. లేకపోతే తేమ పీల్చి రేపు మళ్లీ ఒంగుతుంది.

ఈ రెండూ నష్టం లేని పనులు, కలిపి చేసినా పర్లేదు. ఆ తర్వాత రేంజ్‌కి వెళ్లి కాల్చి రా. బెడ్డింగ్ ఎపాక్సీతో చేసే పని, వెనక్కి తీసుకోలేనిది. దాన్ని చివర పెట్టుకుందాం.

స్క్రూల బిగింపు చేతి అంచనాతో వద్దు. టార్క్ రెంచ్ తీసుకో. నీది వెనక గొట్టం తప్ప ఇనుప పిల్లర్లు (స్క్రూల చుట్టూ పెట్టే గొట్టాలు) లేని పాత వాల్‌నట్ కాబట్టి 35 నుంచి 40 అంగుళ-పౌన్లు, అంటే 4 నుంచి 4.5 న్యూటన్ మీటర్లు. మొదట ముందు స్క్రూ, తర్వాత వెనకది. స్కోప్ రింగులకు 2 న్యూటన్ మీటర్ల దగ్గర ఆపు. అంతకంటే బిగిస్తే స్కోప్ గొట్టం నొక్కుకుపోతుంది.

సంచి_మీద_గురి

అందరూ బ్యారెల్ చుట్టూ ఖాళీ ఉండాలంటున్నారు, నా అనుభవం వేరు. సన్నటి వేట బ్యారెల్‌తో నా రైఫిల్ పూర్తి ఖాళీతో 50 మి.మీ. కొట్టేది. చెక్క మూతి దగ్గర కింద చిన్న తోలు ముక్క పెట్టి ఒత్తిడి ఇచ్చాక 35కి దిగింది. ఖాళీయే వేదం కాదు.

లేత్_పెద్దాయన

కాదనను. కొన్ని సన్నటి బ్యారెల్‌లకు మూతి దగ్గర చిన్న ఊత నచ్చుతుంది, పాత కంపెనీలు కావాలనే అలా పెట్టేవి. మధ్యలో 12 సెం.మీ. దగ్గర, అదీ ఒక పక్కనే ఆనడం మాత్రం ఏ బ్యారెల్‌కీ నచ్చదు. ముందు ఖాళీ చేసుకుంటే, తర్వాత కావాలంటే విజిటింగ్ కార్డు మడిచి మూతి దగ్గర పెట్టి చూసుకోవచ్చు. పని చేయకపోతే తీసేయొచ్చు. చెక్కకు తేమ తగిలిందంటే ఆ ఊత బలం కూడా మారిపోతుంది, నీ తోలు ముక్కకి కూడా ఆ గుణం ఉంటుంది. వర్షాకాలంలో ఒకసారి కాల్చి చూడు.

బాబాయి_మౌజర్

రెండు వారాల తర్వాత వస్తున్నాను.

పెట్టె అంచు, గాడి రెండూ చేశాను. గాడి గీకడానికి గంటన్నర పట్టింది. వాల్‌నట్ పొడి వాసన బాబాయి గది వాసనలాగే ఉంది, పని కాసేపు ఆగిపోయింది. అది వేరే సంగతి.

అదే లాట్ తూటాలతో, షాట్‌కీ షాట్‌కీ మధ్య రెండు నిమిషాలిచ్చి కాల్చాను: 52, 47, 58. పైకి నడవడం దాదాపు పోయింది. ఎడమకు జరగడం ఇంకా కొంచెం ఉంది. వేళ్ల పరీక్షలో ఇంకా 0.2 మి.మీ. కదులుతోంది. ఇప్పుడు బెడ్డింగే కదా? ఇంతవరకూ ఎప్పుడూ చేయలేదు. యాక్షన్ చెక్కకు అతుక్కుపోతుందేమోనని భయంగా ఉంది.

లేత్_పెద్దాయన

ఆ భయం ఉండాలి. భయం లేనివాళ్లే సుత్తితో యాక్షన్ ఊడబీకుతారు. నేను చేసే పద్ధతి చెప్తా.

ట్రిగ్గర్ తీసేయి. రీకాయిల్ లగ్ (తన్నును చెక్క మీదికి పంపే, యాక్షన్ కింది దిమ్మ) ఆనే చోట, యాక్షన్ ముందు రింగు కింద, వెనక తోక కింద మాత్రమే చెక్కను రెండు మూడు మిల్లీమీటర్లు తవ్వు. పూర్తిగా తవ్వేయకు. పాత చెక్క ఎత్తు గుర్తుగా అక్కడక్కడా కొంచెం వదులు, లేకపోతే యాక్షన్ ఎంత లోతుకు కూర్చోవాలో తెలియదు. లగ్‌కి ముందువైపు, రెండు పక్కలా, అడుగున ఎలక్ట్రికల్ టేపు ఒక పొర వేయి. వెనక ముఖానికి మాత్రం వెయ్యకు. తుపాకి తన్నినప్పుడు ఆ ముఖమే చెక్కను నెట్టాలి, మిగతా వైపులా కొంచెం గాలి ఉండాలి. లేకపోతే రేపు విప్పేటప్పుడు లగ్ గీసుకుంటూ వస్తుంది, గ్రూప్ మళ్లీ మొదటికి వస్తుంది. తోక వెనక కూడా అర మిల్లీమీటరు సందు వదులు. అక్కడ ఆనితే ఏదో ఒక రోజు చెక్క నిలువునా చీలుతుంది.

యాక్షన్ మీద ఉన్న ప్రతి రంధ్రం, ప్రతి గుంట మైనపు మట్టితో పూడ్చు. ఎపాక్సీ దూరి గట్టిపడితే తాళం వేసినట్టే. తర్వాత ఎపాక్సీ తగిలే ఇనుము మొత్తానికి మైనపు పాలిష్ రెండు పూతలు, స్క్రూలకు కూడా. ఎక్కడైనా వదిలేశానా అని అనుమానం వస్తే మూడో పూత వేయి. బ్యారెల్ గాడి మధ్యలో నిలబడేలా చెక్క మూతి దగ్గర బ్యారెల్‌కి టేపు చుట్టు.

అందరూ తప్పు చేసేది ఇక్కడే. ఎపాక్సీ పోశాక స్క్రూలు బిగించకూడదు. బిగిస్తే యాక్షన్ వంగి ఉన్నప్పుడే ఎపాక్సీ గట్టిపడుతుంది, ఆ వంకర శాశ్వతమైపోతుంది. తలలేని బోల్టులు పెట్టి దారి చూపించు, సైకిల్ ట్యూబు పట్టీలు చుట్టి దాని బరువుకు దాన్ని కూర్చోనివ్వు. బయటికి పొంగినదాన్ని ఇయర్‌బడ్‌తో వెంటనే తుడిచెయ్యి. 24 గంటలు ముట్టుకోకు. ముట్టుకోకు అంటే నిజంగా ముట్టుకోకు. గిన్నెలో మిగిలిన ఎపాక్సీని గోటితో నొక్కి చూసుకో, అది గట్టిపడితే ఇదీ పడినట్టే.

రాగి_మరక

సైకిల్ ట్యూబ్ ఐడియా ఎత్తేసుకున్నా. ఇన్నాళ్లూ క్లాంపులు పెట్టి వంకర బెడ్డింగ్ చేసుకున్నాను కాబోలు.

బాబాయి_మౌజర్

ఊడొచ్చింది! చిన్న "టక్" అని శబ్దం, నా గుండె కూడా అదే శబ్దం చేసింది. ఎపాక్సీలో యాక్షన్ అడుగున ఉన్న సీరియల్ అంకె తిరగేసి అచ్చు పడింది, అంత స్పష్టంగా వచ్చింది. ఒక్క గాలి బుడగ ఉంది, శనగగింజంత, లగ్‌కి దూరంగా. వదిలేశాను.

డయల్ గేజ్ సూది ఇప్పుడు 0.03.

ఈ రోజు పొద్దున కాల్చినవి, 5 షాట్లవి: 34, 41, 29, 38. లెక్కల ఆయన కోసం ఒక 10 షాట్ల గ్రూప్ కూడా కాల్చాను, 47 వచ్చింది. నడక పూర్తిగా పోయింది. కానీ ఆ నాలుగు గ్రూపుల్లో మూడింటిలో ఒక్కొక్క షాట్ కిందికి పడింది. ఆ ఒక్కటీ లేకపోతే అన్నీ 30 లోపే. మూతి అంచు చూశాను. ఇయర్‌బడ్‌ని లోపలి నుంచి బయటికి చుట్టూ లాగితే ఎక్కడా దూది పీచు చిక్కలేదు. ఈ కింద పడే షాట్ ఏమిటి?

లెక్కల_పిచ్చి

సగటు 35.5 మి.మీ., అంటే 1.2 ఎంఓఏ. 5 షాట్లకు ఇంత వస్తే 10 షాట్లకు 44 దగ్గర రావాలి, మీకు 47 వచ్చింది. రెండూ ఒకదానికొకటి సాక్ష్యం చెప్తున్నాయి, కాబట్టి ఈ అంకెలను నమ్మొచ్చు. "ఆ ఒక్కటీ లేకపోతే" అన్న మాట మాత్రం వద్దు. ఆ షాట్ కూడా మీ రైఫిలే కాల్చింది.

సంచి_మీద_గురి

రైఫిల్ కాకపోవచ్చు, మీరే కావచ్చు. ముందువైపు సంచిని ఎక్కడ పెడుతున్నారు? బెల్టు తగిలించే కొక్కెం చెక్క కింద ఉంటుంది కదా. తన్నినప్పుడు అది వెనక్కి వచ్చి సంచికి తగిలితే షాట్ చెడుతుంది. నాకు ఒక ఏడాది పట్టింది దీన్ని పట్టుకోవడానికి.

బాబాయి_మౌజర్

సంచి మీద కొక్కెం గీసిన గాటు ఉంది. ఇప్పుడే వెళ్లి చూసొచ్చాను. కొక్కేనికీ సంచికీ మధ్య వేలెడు ఖాళీ కూడా లేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఇన్నాళ్లూ బ్యారెల్‌ని తిట్టాను. ఎక్కువ తప్పు బ్యారెల్ కూర్చున్న చోటిదైనా, ఈ చివరి ముక్క మాత్రం అచ్చంగా నాదే.

సంచిని నాలుగు వేళ్లు వెనక్కి జరిపి మూడు గ్రూపులు కాల్చాను: 31, 27, 33. కింద పడే షాట్ రాలేదు. మూడు గ్రూపులే కాబట్టి లెక్కల ఆయన ఒప్పుకోరని తెలుసు, వచ్చే వారం ఇంకో నాలుగు కాల్చి పెడతాను.

కొలిచి_పోసేవాడు

ఇప్పుడైనా 180 గ్రెయిన్లవి ఒక డబ్బా ప్రయత్నిస్తారా?

బాబాయి_మౌజర్

ఈ లాట్‌వి ఇంకా ఏడు డబ్బాలున్నాయి. అవి అయ్యాక చూద్దాం.